నా అనుమతి కోసం ఆగిన పద్నాలుగు ప్రశ్నలు

2022 నవంబరు. సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీ, ఫస్టియర్ బీఎస్సీ క్లాసు, నలభై రెండు మంది పిల్లలు. నేను ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లయింది. ఈ ఇరవై రెండేళ్లూ నేను ప్రశ్న అడుగుతాను, వాళ్లు తల దించుకుంటారు. చివరికి జవాబు కూడా నేనే చెప్తాను, వాళ్లు రాసుకుంటారు. ఇంగ్లీషు క్లాసంటే మా దగ్గర ఇట్లాగే నడుస్తుంది. ఆ ఏడు మాత్రం నాకు కొత్త పిచ్చి పట్టింది. దాని పేరు వాల్.

వాల్ అంటే గోడే, కాకపోతే ఇంటర్నెట్‌లో ఉంటుంది. కాలేజీ వరండాలో నోటీసు బోర్డు చూసే ఉంటారు. అద్దం తలుపు, దానికో తాళం, ప్రిన్సిపాల్ సంతకం లేకుండా ఒక్క కాగితం ఎక్కదు. ఇది తాళం లేని నోటీసు బోర్డు. లింకు పంపిస్తే చాలు, ఎవరి ఫోన్లో వాళ్లు తెరిచి చిన్న చీటీ రాసి అంటించొచ్చు. ఆ చీటీని పోస్ట్ అంటారు. ఫోటో పెట్టొచ్చు, గొంతు రికార్డు చేసి పెట్టొచ్చు, ఇంకొకరి పోస్ట్ కింద కామెంట్ రాయొచ్చు. ఒక ట్రైనింగ్‌లో దీన్ని మొదటిసారి చూసిన రోజు సంబరంతో నాకు మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు. పక్కన కూర్చున్న ఇద్దరిదీ అదే పరిస్థితి. ఒకరు కోదాడలో పనిచేసే పద్మ, నా చిన్ననాటి స్నేహితురాలు. ఇంకొకరు మిర్యాలగూడ సలీం సార్, ఆ ట్రైనింగ్‌లోనే పరిచయం. టీ తాగుతూనే తేల్చేశాం: మూడు కాలేజీలకూ కలిపి ఒకే వాల్. నా పేరు మీద తెరిచాం కాబట్టి దానికి యజమానిని నేను.

మొదటి రోజు ప్రొజెక్టర్ పెట్టించి, తెర మీద ఇంగ్లీషు వాక్యాలు కురుస్తాయని చేతులు కట్టుకుని నిలబడ్డాను. గులాబీలు కురిశాయి. గుడ్ మార్నింగ్ గులాబీలు, పొగలు కక్కే టీ కప్పులు, దేవుళ్లు, ఒక హీరో పుట్టినరోజు బ్యానర్. ఇంగ్లీషు అనేది "గుడ్ మార్నింగ్ ఆల్" దగ్గర మొదలై అక్కడే ఖతం. పద్మ వెంటనే ఫోన్ చేసింది.

"ఏమేవ్, మన గోడ చూశావా? పెళ్లిపందిరిలా ఉంది!"

"నవ్వకు. రేపటికల్లా దీనికి కాపలా పెడతాను" అన్నాను.

పెట్టాను కూడా. వాల్‌లో మోడరేషన్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే పిల్లలు రాసింది నేరుగా గోడకెక్కదు. యజమాని చూసి, సరే అంటేనే ఎక్కుతుంది. గులాబీలు ఆగిపోయాయి. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ తర్వాత మొదటి పని ఇచ్చాను. మీ అమ్మ గురించి ఐదు వాక్యాలు, రెండు రోజుల గడువు. మా క్లాసు నుంచి నలభై ఒక్క పోస్టులు వచ్చాయి. ఒకటొకటిగా చదువుతూ అనుమతిస్తున్నాను. ఆరో పోస్ట్ దగ్గర అనుమానం వచ్చింది, పదో దాని దగ్గర బీపీ పెరిగింది. "మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. షీ ఈజ్ వెరీ కైండ్. షీ కుక్స్ టేస్టీ ఫుడ్." నలభై ఒక్కమందీ అక్షరం పొల్లుపోకుండా ఇదే. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్ల నోట్సు రాస్తుంది, సాయంత్రానికి అది అందరి నోట్సులోకీ దిగుతుంది. దాన్నెవరూ దొంగతనం అనుకోరు, అన్నం పంచుకున్నట్టే. ఈసారి ఆ నోట్సు భార్గవిది. నోట్సును దించినట్టే గోడ మీదకీ దించేశారు. వీళ్ల అమ్మల్లో వడ్ల మార్కెట్లో పనిచేసేవాళ్లున్నారు, పత్తి ఏరేవాళ్లున్నారు, బీడీలు చుట్టేవాళ్లున్నారు. గోడ మీద మాత్రం అందరికీ కలిపి ఒక్కతే అమ్మ, ఆమె రుచికరంగా వండుతుంది.

"మీకందరికీ ఒకటే అమ్మా?" అని క్లాసులో గట్టిగా అరిచాను.

భార్గవి లేచి నిలబడింది. "సొంతంగ రాస్తె తప్పులొస్తయ్ మేడం. మూడు కాలేజీలోళ్లు సూస్తరు. ఇజ్జత్ పోతది."

ఆ మాటను నేను అప్పుడు వినిపించుకోలేదు. వినుంటే ఇంత కథ ఉండేది కాదు.

నలభై రెండో పిల్ల పేరు అఖిల. మోతె దగ్గర ఊరు, గొర్రెలు కాచే కుటుంబం. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చివరి బెంచీలో గోడకానుకుని కూర్చుంటుంది. జూలాజీ మేడం ఆమెను నెత్తిన పెట్టుకుంటుంది, నా క్లాసులో మాత్రం నోరు తెరవదు. ఒకసారి ఇంగ్లీషులో నీ గురించి చెప్పమంటే చాలాసేపు నిలబడి, "ఐ యామ్..." అని ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మర్నాడే ఒక అప్లికేషన్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఇంగ్లీష్ మీడియం నుంచి తెలుగు మీడియానికి మారతానని. క్లాస్ ఇన్‌చార్జిగా నేను సంతకం పెడితేనే అది ఆఫీసుకు పోతుంది.

తెలుగు మీడియమంటే నాకేం చిన్నచూపు లేదు. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కానీ ఈ పిల్ల ఇష్టపడి పోవడం లేదు, భయపడి పోతోంది. కొన్నేళ్ల కిందట నీలినాలుక రోగమొచ్చి వాళ్ల మందలో సగం గొర్రెలు కళ్లముందే పోయాయట. "గా రోగం ఎందుకొస్తదో సదవాలె మేడం. ల్యాబుల పని జెయ్యాలె" అని అడ్మిషన్ రోజున చెప్పింది. డిగ్రీ తెలుగులో చదవొచ్చు. ఆపైన ఆ చదువు మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇప్పుడు వెనకడుగు వేస్తే రేపు ఆ గుమ్మం దగ్గర కూడా ఆగిపోతుందని నా బెంగ.

"మీడియం మార్చుకోవడానికి వచ్చే శనివారం దాకా టైముంది. అప్పటిదాకా ఆగు. అప్పుడు కూడా కావాలంటే సంతకం పెడతాను" అన్నాను. తలూపింది.

సోమవారం పొద్దున అఖిల పోస్ట్ వచ్చింది. గడువు దాటిపోయాకే వచ్చింది, కానీ భార్గవి నోట్సు కాదు. మంద మధ్యలో నిలబడిన ఒక ఆడమనిషి వీపు ఫోటో, దాని కింద ఇంగ్లీషులో మూడు వాక్యాలు: "మై మదర్ నాట్ హౌస్‌వైఫ్. మార్నింగ్ మై మదర్ సీ ఆల్ షీప్ మౌత్. షీప్ నాట్ చ్యూయింగ్, మై మదర్ నాట్ ఈటింగ్."

అంటే గొర్రె నెమరు వేయకపోతే వాళ్లమ్మ ముద్ద ముట్టదు. ఈరోజు ఈ వాక్యం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆరోజు నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది, అయినా చెప్తాను. ఎగిరి గంతేసి అనుమతించాను. సొంతంగా రాసిన ఒక్క పిల్ల దొరికింది కదా! ఆ ఊపులోనే ఫోన్లో దాన్ని ఫోటో తీసి, ఎర్రరంగుతో తప్పులన్నిటికీ సున్నాలు చుట్టాను. ఎనిమిది సున్నాలు. దాన్ని ఆమె పోస్ట్ పక్కనే "సరిచేసిన ప్రతి" అని అంటించాను. అంతటితో ఆగానా? క్లాసులో తెర మీద వేసి, "చూశారా, ఇట్లా సొంతంగా రాయాలి, ఇట్లా దిద్దించుకోవాలి" అని అరగంట పాఠం చెప్పాను. అఖిల తల వంచుకుని ఉంది. శ్రద్ధగా రాసుకుంటోందనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆమె పోస్ట్ గోడ మీద లేదు. తీసేసింది. నా ఎర్రసున్నాల ఫోటో ఒక్కటే మిగిలింది. మంగళవారం ఆమె రాలేదు, బుధవారమూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఆ ఊరి బస్సులోనే వచ్చే భార్గవిని అడిగాను.

"గొర్లెంబడి పోయింది మేడం. వాళ్లమ్మ మంద పాలకీడు దిక్కున్నది. ఇగ కాలేజీకి రాదట. వచ్చినా శనివారం కాయితం మీద సంతకం కోసమే వస్తదట."

"ఎందుకట?"

"గా ఎర్రగీతలు మూడు కాలేజీలోళ్లు సూసిన్రు గద మేడం."

ఆ గంటలోనే సలీం సార్ ఫోన్.

"మేడం, మీ దగ్గర అఖిల అని ఒక అమ్మాయున్నది గదా? మా పిల్లలు ఆమె పోస్ట్ కింద కామెంట్లు రాసిన్రు. ఒక్కటి గూడ పైకి కనబడ్తలేదు. ఇప్పుడు సూస్తే పోస్టే లేదు. అనిత అనే అమ్మాయైతే మూడు రోజుల నుంచి పరేషాన్ జేస్తున్నది, జవాబు వచ్చిందా సార్, జవాబు వచ్చిందా సార్ అని."

"ఏ కామెంట్లు సార్? నాకేం రాలేదే!" అన్నాను. అంటూ ఉండగానే ఆ మోడరేషన్ మీట గుర్తొచ్చింది. నేను పెట్టిన కాపలా పోస్టులకే అనుకున్నాను. అది కామెంట్లను కూడా ఆపేస్తుందని నాకు తెలియదు. కామెంట్లకు అనుమతి అడిగే నోటీసులు మెయిల్‌కి పోతాయట, నేను మెయిల్ తెరిచేది నెలకోసారి. తెరిచాను. పద్నాలుగు. కోదాడ నుంచి ఎనిమిది, మిర్యాలగూడ నుంచి ఆరు. అన్నీ ప్రశ్నలే, అన్నీ అఖిలకే! ఇంగ్లీషులో ఒక మనిషి ఇంకొక మనిషిని నిజంగా అడిగిన ప్రశ్నలు. ఇరవై రెండేళ్లుగా నేను క్లాసులో చూడాలని తపించింది అదే. అది జరిగితే, దాన్ని గుమ్మం బయట నిలబెట్టి లోపల నేను సున్నాలు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పిల్లకు కనిపించింది ఎర్రరంగొక్కటే.

ఏడుపు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. పద్మకు ఫోన్ చేస్తే, "ఇంకా ఫోన్లో ఏం చెప్తున్నావే, బస్సెక్కు" అంది. ఎర్రసున్నాల ఫోటో తీసేసి, ప్రశ్నలు పద్నాలుగూ ప్రింటు తీసుకుని గురువారం సెలవు పెట్టాను.

హుజూర్‌నగర్ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. వరికోతలు అయిపోయాక పాలకీడు వైపు కాల్వ కింది పొలాల్లో మంద పెడతారు. అంటే రైతు పిలిచి తన మడిలో గొర్రెల్ని కొన్నాళ్లు పడుకోబెట్టించుకుంటాడు. వాటి ఎరువు పొలానికి బలం, గొర్రెలకు కోసిన వరి కొయ్యకాళ్ల మధ్య మేత. ఆటోవాడు దారిలో అడుగుతూ పోయి, పదకొండు గంటలకు మంద ఉన్న కాల్వ పక్కన దింపాడు. అఖిల నన్ను చూసి గొర్రెల అవతలికి పోయి నిలబడింది. వాళ్లమ్మ లింగమ్మ గొంగడి పరిచింది.

"గీడ కూసోండ్రి మేడం. మా పిల్ల ఏం తప్పు జేసింది, గింత దూరమొచ్చిన్రు?"

"తప్పు చేసింది నేను లింగమ్మా. చెప్పుకుందామని వచ్చాను."

అఖిల దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి చెప్పాను. "అఖిలా, నువ్వు మీ అమ్మ గురించి చెప్తే, నేను మీ అమ్మ గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా తప్పులు లెక్కపెట్టాను. అందరి ముందూ పెట్టాను. చాలా పొరపాటు. కానీ నీ రాత చదివినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు నిన్ను అడిగినవి నీకు చేరకుండా ఆపింది కూడా నేనే." కాగితం చాపాను.

చాలాసేపు తీసుకోలేదు. చివరికి తీసుకుని, నిలబడే చదివింది. పెదాలు కదులుతున్నాయి.

"ఏమని రాసిన్రు బిడ్డా?" అంది లింగమ్మ.

"నెమరెయ్యకపోతె మీ అమ్మ ఏం జేస్తదని అడుగుతున్రమ్మా. కోదాడ పిలగాడట."

"వాము నూరి బెల్లంల పెట్టి మింగిస్తనని రాయి. గప్పటికీ నెమరెయ్యకపోతె దవాఖానకు కొట్టుకపోతనని రాయి." ఆమెకు ఇదేదో పెద్ద సంగతి కాదు, అడిగారు కాబట్టి చెప్తోంది. "ఇంకేమడిగిన్రు?"

అఖిల ఇంకొకటి చదివి, గబుక్కున తలెత్తింది. "అమ్మా, గీ పిల్ల అనితట, మిర్యాలగూడ దిక్కు తండా. పోయినేడు వాళ్ల పొలంల మంద పెట్టిన ఆమె పొద్దుగాల్నే ఒక్కొక్క గొర్రె మూతి సూసేదట. గామె మీ అమ్మేనా అని అడుగుతున్నది. వాళ్ల నాయిన గూడ అడగమన్నడట, ఈ ఏడు మంద ఎప్పుడొస్తదని."

లింగమ్మ మొహం వెలిగిపోయింది. "గా పిల్లనా! దినాం నాకు చల్ల తెచ్చిచ్చేది గదనే! ఇంక పదిదినాలకొస్తమని రాయి. జల్ది రాయి, లేకపోతె వాళ్ల నాయిన వేరే మందను పిలుస్తడు!"

సిగ్నల్ కోసం ముగ్గురం కాల్వకట్ట ఎక్కాం. ముందు ఆ మోడరేషన్ మీట తీసి పారేశాను. అఖిల ఫోన్ ఆన్ చేసి తన పోస్ట్ మళ్లీ పెట్టింది, అవే మూడు వాక్యాలు, అట్లాగే. దాని కింద అనితకు జవాబు: "వి విల్ కమ్ ఆఫ్టర్ టెన్ డేస్. మై మదర్ రిమెంబర్ యువర్ బటర్‌మిల్క్." ఒకచోట నా వేలు దురద పెట్టింది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. రెండు నిమిషాలైనా కాలేదు, ఫోన్ టింగుమంది. అనిత! "ఐ టోల్డ్ మై ఫాదర్! ఐ టోల్డ్ సలీం సార్! ఐ న్యూ ఇట్!" అఖిల గట్టిగా చదువుతోంది, తెలుగులో వాళ్లమ్మకు చెప్తోంది, ఆమె చెప్పింది మళ్లీ ఇంగ్లీషులోకి మారుస్తోంది. క్లాసులో "ఐ యామ్" దగ్గర ఆగిపోయిన పిల్ల! నాకు కాల్వకట్ట మీద గంతులేయాలనిపించింది.

మంద వైపు చూసి నేనూ ఒకటి అడిగాను. "అన్నీ ఒకటే రంగు, ఒకటే మూతి. మీ అమ్మ వీటిని వేరువేరుగా ఎట్లా గుర్తుపడుతుంది?"

అఖిల నన్ను అనుమానంగా చూసింది. "మేడం, నిజంగ తెల్వకనే అడుగుతున్నరా? లేకపోతె పరీక్షకా?"

"నిజంగా తెలియదమ్మా."

మొదటిసారి నా ముందు నవ్వింది. చెవి మడత, ముక్కు మీద మచ్చ, నడక, అరుపు... అరగంట చెప్పింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నేను నోరు తెరుచుకుని విన్నాను.

మర్నాడు గోడ మీద జాతర. అఖిల జవాబులు చూసి మా క్లాసు పాత పోస్టులు తీసేయడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు భార్గవి. వాళ్లమ్మ మార్కెట్ యార్డులో వడ్లగింజ కొరికి తేమ ఎంతుందో చెప్తుందట, మిషన్ ఆ తర్వాత చెప్తుందట. మిర్యాలగూడ నుంచి ఒకరు: మా అమ్మ రైస్‌మిల్లులో చప్పుడు విని బెల్టు జారబోతోందని ముందే అరుస్తుంది. రుచిగా వండే ఆ ఒక్క అమ్మ మాయమై, నలభై రెండుమంది వేర్వేరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. తప్పులా? బోలెడు. ప్రశ్నలు అంతకంటే ఎక్కువ. సలీం సార్ ఫోన్ చేసి, "మేడం, బెల్లు కొట్టినా ఒక్కరూ లేస్తలేరు!" అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు, సంబరంగా.

శనివారం అఖిల కాలేజీకి వచ్చింది. నాకు మాత్రం పొద్దున్నుంచీ దడ. మాటిచ్చాను కదా, అడిగితే సంతకం పెట్టాలి. నాలుగు గంటలకు ఆఫీసు మూసేస్తారు. మూడున్నరకు అప్లికేషన్, పెన్ను పట్టుకుని కంప్యూటర్ ల్యాబుకు పోయాను. నలుగురు ఆడపిల్లల మధ్య కూర్చుని టైపు చేస్తోంది.

"అఖిలా, ఈ కాగితం సంగతేం చేద్దాం?"

"సోమారం సూద్దాం మేడం" అంది, తెర మీంచి కళ్లు తీయకుండా.

"సోమవారం తీసుకోరు. ఇవాళే ఆఖరు."

చేతులు ఆగాయి. కాగితం వైపు చూసింది, తెర వైపు చూసింది. "గట్లనా... అయితె ఉండనీయుండ్రి మేడం. గీ కోదాడ పిలగాడు నీలినాలుక గురించి అడిగిండు. గొర్రెకు గొర్రె అంటుకుంటదా, దోమ కుడితె వస్తదా అని. మేము అంటుకుంటదనే అనుకున్నం. జూలాజీ మేడం ఇచ్చిన ఇంగ్లీష్ బుక్కుల సూస్తున్న. దోమ లెక్కనే చిన్న పురుగుంటదట మేడం, గది కుడితెనే వస్తదట! మా అమ్మకు చెప్పాలె!" మళ్లీ పుస్తకంలోకి వంగింది. ఇక నేనక్కడ ఉన్నట్టు కూడా ఆమెకు గుర్తులేదు.

వరండాలోకి వచ్చాను. ఇన్నేళ్లలో పిల్లల్ని వేల ప్రశ్నలు అడిగాను. జవాబు తెలియక అడిగింది ఆ కాల్వకట్ట మీద అడిగిన ఒక్కటే. మిగతావన్నీ వాళ్లు ఎక్కడ తప్పుతారో చూడ్డానికి అడిగినవే, ఆ సంగతి పిల్లలకు ఎప్పుడో తెలుసు. అందుకే తలలు దించుకున్నారు. ఇప్పుడూ దిద్దుతాను, దిద్దకపోతే నా పని చేసినట్టు కాదు. కానీ ఎవరి రాత చేతికొచ్చినా ముందు అందులో నాకు తెలియనిదేదో వెతికి అడుగుతాను. జవాబు వచ్చాకే కలం తీస్తాను. తప్పులెక్కడికీ పోవు, రేపైనా దొరుకుతాయి. పోతే పిల్లలే పోతారు.